గృహనిర్మిత విమానము – దాని యింధన మార్గము

విమానమనగానే మన మనస్సునకు మొదట తోచునవి దాని రెక్కలు, పిమ్మట దాని యింజను. ఆ రెంటికిని నడుమ కంటికి కనబడక, చిటికెనవ్రేలి లావున ప్రాకిపోవు చిన్న గొట్టమొకటి కలదని తలచువారు అరుదు. ట్యాంకునుండి ఇంజనునకు పెట్రోలు నడచు త్రోవ యదియే. రెక్క యెంత బలమైనదైనను, ఇంజను ఎంత వెలగలదైనను, ఈ త్రోవ మూసికొనెనా, విమానము కొలది నిమిషములలో ఎక్కడనో యొకచోట నేలకు దిగవలసినదే. ఈ సంవత్సరము మన పాఠశాలా సంచికకు ఏదైన విజ్ఞానవిషయమును వ్రాయుమని సంపాదకులు కోరగా, ఈ చిన్న త్రోవను గూర్చియే వ్రాయ నిశ్చయించితిని. దానికి కారణము గలదు.

మన పాఠశాలలో చదివి, ఇంజనీరింగు పట్టము పొంది, ఇప్పుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు, తన యింటి కారు షెడ్డులో ఇద్దరు కూర్చుండదగిన చిన్న విమానమును స్వహస్తములతో కట్టుచున్నాడు. ఆ దేశమున ఇట్టి పని వింత కాదు. 1953లో పాల్ పోబెరెజ్నీ అను నాయన విస్కాన్సిన్ రాష్ట్రమున ఇట్టివారికొక సంఘమును స్థాపించెను. అది నేటికిని వర్ధిల్లుచున్నది. విమానములో అధికభాగమును ఔత్సాహికులు తమ విద్యకొఱకో వినోదముకొఱకో స్వయముగా కట్టియుండవలెనని అక్కడి నిబంధన. విద్యకొఱకు అను మాట ఆ చట్టములో నుండుట ఉపాధ్యాయుడనైన నాకు మిక్కిలి సంతోషము కలిగించినది. కట్టుట ముగిసిన పిమ్మట అధికారుల తనిఖీ యుండును. ఆపైని 25 లేక 40 గంటలకాలము నిర్ణీత ప్రదేశములో మాత్రమే ఎగిరి పరీక్షించుకొనవలెను.

అతని తల్లి మా సంఘములోనిది. ఒక ఆదివారము ఆరాధన ముగిసినపిమ్మట ఆమె నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారండీ, మా అబ్బాయి ఇంట్లోనే విమానం కడుతున్నాడట. దారిలో ఆగిపోతే పక్కకు తీసి నిలుపుకోవడానికి అది కారు కాదుగదా! వాడికి లెక్కలూ సైన్సూ చెప్పినవారు మీరే. అది క్షేమమేనా, చెప్పండి" అని యడిగెను. 'ప్రభువుమీద భారము వేయుమమ్మా' అని చెప్పి పంపుట నాకు సులభమే. ఆ మాట సత్యమును. అయితే ప్రార్థింపగల తల్లికి, ఏ యపాయము తప్పింపుమని ప్రార్థింపవలెనో తెలిసికొను హక్కు కూడ నున్నదని నాకు తోచెను. కావున నేనా విద్యార్థికి జాబు వ్రాసి, "నాయనా, నీ యింజనునకు పెట్రోలు ఏ విధముగా చేరును? అది చేరకపోవుటకు ఎన్ని కారణములు గలవు? ఒక్కొక్కదానికి నీవు చేసిన యుపాయమేమి?" అని మూడు ప్రశ్నలు వేసితిని. అతడు వ్రాసిన ప్రత్యుత్తరములును, వానిలో మన ప్రయోగశాలలో నీటితో పరీక్షింప వీలైన వానిని తొమ్మిదవ తరగతి పిల్లలతో కలిసి నేను పరీక్షించినవియును ఈ వ్యాసమునకు ఆధారము.

అతని విమానపు రెక్కలు పైకప్పుగా నున్నవి. పెట్రోలు ట్యాంకులు ఆ రెక్కలలోనే యుండుటచే పెట్రోలు తన బరువుచేతనే క్రిందనున్న ఇంజనునకు దిగివచ్చును. నీరు పల్లమెఱుగును, నిజము దేవుడెఱుగును అని మన పెద్దలనుమాట. పంపు పాడగును, విద్యుత్తు పోవును. భూమ్యాకర్షణ మాత్రము ఎన్నడును సెలవు పుచ్చుకొనదు. 1903 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిన రైట్ సోదరుల విమానములోను పెట్రోలు పై రెక్కకు దిగువనొక నిలువుకఱ్ఱకు కట్టిన ట్యాంకునుండి ఇట్లే దిగివచ్చెను. వారును ఇంటియొద్ద, సైకిలు దుకాణములో విమానమును కట్టినవారే. వారి తండ్రి మిల్టన్ రైట్ ఒక క్రైస్తవసంఘపు బిషప్పు.

అయినను ఇచ్చట త్రికోణమితి తెలిసినవాడు నిలిచి యాలోచింపవలెను. విమానము సమముగా ఎగురునప్పుడు ట్యాంకు అడుగు కార్బ్యురేటరుకంటె 60 సెంటీమీటర్లు ఎత్తుననున్నదని యనుకొందము. కార్బ్యురేటరు ట్యాంకునకు 150 సెంటీమీటర్లు ముందున నున్నది. విమానము ముక్కు 15 డిగ్రీలు పైకెత్తి ఎక్కుచున్నప్పుడు ముందున్న కార్బ్యురేటరు కూడ పైకి లేచును. 150ని సైన్ 15 డిగ్రీలచే గుణించిన సుమారు 39 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల ఎత్తు కూడ వాలుచే 58కి తగ్గును. 58లో 39 పోగా మిగులునది 19 సెంటీమీటర్లు. అనగా మొదటి యెత్తులో మూడవవంతు మాత్రమే. ఇంజను అత్యధికముగా పెట్రోలు కోరు సమయము నేలనుండి పైకెక్కు సమయమే. ఆ సమయముననే పెట్రోలును త్రోయు బలము కనిష్ఠమగుచున్నది. సైన్, కొసైన్ పట్టికలు పరీక్షకొఱకే పుట్టినవని తలచు విద్యార్థులు ఈ లెక్కను ఒకసారి తామే వేసి చూతురుగాక.

ఈ కారణముచేతనే పెట్రోలు దానంతటది దిగివచ్చు ఏర్పాటులో, ఇంజను పూర్తిబలముతో నడచునప్పుడు కోరుదానికి ఒకటిన్నర రెట్లు పెట్రోలు పాఱవలెనని నియమము. పంపు పెట్టినయెడల ఒకటింబాతిక రెట్లు చాలును. ఇంజను గంటకు 30 లీటర్లు కోరుననుకొనుడు. ఒకటిన్నర రెట్లనగా గంటకు 45 లీటర్లు. నిమిషమునకు 750 మిల్లీలీటర్లు. దీనిని కాగితముమీద నమ్మరాదు. విమానపు తోకను పల్లమునకు దింపి, ముక్కును ఎక్కుడు వాలునకు ఎత్తి, ట్యాంకులో అడుగున కొలదిగా మాత్రమే పెట్రోలుంచి, కార్బ్యురేటరునొద్ద గొట్టమును విప్పి, దానిక్రింద కొలపాత్ర పెట్టి, గడియారము చూచుచు కొలువవలెను.

మన పూర్వవిద్యార్థి యీ పరీక్ష చేసినప్పుడు నిమిషమునకు 640 మిల్లీలీటర్లే వచ్చినవి. అప్పటికి మొదటి యెగురుదినము నిశ్చయమై యుండెను. స్నేహితులు దూరమునుండి వచ్చుటకు సెలవులు పెట్టుకొనియుండిరి. ఇంజను కోరునది 500 మిల్లీలీటర్లేగదా, 640 చాలదా యని కొందఱనిరట. ఆ మాటలో తర్కమున్నది. కాని 640 అనునది క్రొత్తగొట్టములోనుండి, శుభ్రమైన జల్లెడగుండ వచ్చినది. రేపు జల్లెడలో నలుసు చేరును. ఎల్లుండి గొట్టమున బుడగ నిలుచును. ఆ మిగులు బలమంతయు అట్టి దినములకొఱకే. అతడు ఎగురుదినమును రద్దుచేసి, స్నేహితులకు క్షమాపణ వ్రాసి, గొట్టమును మొదటినుండి వెదకెను. దోషము రెండుచోట్ల కనబడెను. మోటారుకార్లలో పంపుతోకూడ వాడు సన్నని కాగితపు వడపోత యొకటి త్రోవలో నుండెను. పంపు త్రోయు పెట్రోలు దానిని సులభముగా దాటును గాని, తన బరువుతో మాత్రమే దిగు పెట్రోలునకు అది పెద్ద యడ్డంకి. మఱియు గొట్టము రెండుచోట్ల సమకోణముగా మలగియుండెను. వడపోతను తీసి వెడల్పైన తీగజల్లెడను అమర్చి, మలుపులను గుండ్రముగా వంచిన పిమ్మట 910 మిల్లీలీటర్లు పాఱెను. ఇందులకు అతనికి ఐదు వారములు పట్టెను.

తరువాతి సంగతి గాలి. పెట్రోలు పోవలెనన్న గాలి రావలెను. కిరాణా దుకాణములో 15 కిలోల నూనెడబ్బాను తెఱచువాడు ఒక మూలను రంధ్రము చేసి యూరకుండడు. ఎదుటిమూలను మఱియొకటి పొడుచును. శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మొదటి పాఠము, చెప్పుటకుముందు చూపవలెనని. కావున తరగతిలో ఒక డబ్బాకు అడుగున సన్నని గొట్టమును, పైన చిన్న రంధ్రమును పెట్టి నీరు విడిచితిమి. పైరంధ్రమును మైనముతో మూయగానే ధార సన్నగిలి, తుదకు చుక్కలై నిలిచిపోయెను. డబ్బా నిండ నీరున్నది. క్రిందికి చుక్క రాదు. విమానములో నిదే జరిగినయెడల, ట్యాంకు నిండుగా నున్నదని కొలమానము చూపుచుండగనే ఇంజను ఆగిపోవును. ఈ గాలిగొట్టమును మూయు శత్రువులలో కందిరీగ యొకటి. మన యిండ్లలో తాళపుచెవి రంధ్రములను మట్టితో పూడ్చునట్టి కందిరీగయే అక్కడను విమానపు గాలిగొట్టములో గూడు కట్టును. కావున ఎగురని దినములలో దానికి మూత పెట్టుదురు. ఎగురుటకుముందు తీయుట మఱవకుండుటకై ఆ మూతకు ఎఱ్ఱని పట్టీ వ్రేలాడదీయుదురు. తెలివిగలవాడు ఒక గాలిగొట్టము మూసికొనినను రెండవది పనిచేయునట్లు వేఱొకచోట మఱియొకటి అమర్చును.

మూడవ శత్రువు నీరు. సగము నిండిన ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడగా అందలి తేమ గోడలపై చెమర్చి క్రిందికి దిగును. పెట్రోలు సాంద్రత సుమారు 0.72, నీటిది 1. కావున నీరు అడుగునకు చేరును. పెట్రోలు బయటికి పోవు ద్వారముకూడ అడుగుననే యుండును! దీనికి విరుగుడు, ట్యాంకులో అన్నిటికంటె పల్లమైనచోట ఒక చిన్న కుళాయియు, మొత్తము త్రోవలో పల్లమైనచోట గిన్నెవంటి వడపోతయొకటియు ఉంచుట. ప్రతిదినము ఎగురుటకుముందు ఆ కుళాయిలనుండి కొంచెము పెట్రోలును గాజుపాత్రలోనికి పట్టి, వెలుతురులో చూడవలెను. నీరున్న అడుగున బుడ్డలుగా నిలుచును. పాత్ర నిండ నీరే పడినయెడల? అదియు స్వచ్ఛముగానే కనబడును. అందుచేత రంగు చూడవలెను. చిన్న విమానములకు వాడు పెట్రోలుకు నీలిరంగు కలిపియుండుటలో నిదియొక ప్రయోజనము.

నాలుగవది వేడిమి. మన మే నెల యెండ నెఱిగినవారికి దీనిని విశదీకరింప నక్కఱలేదు. ఇంజనుకప్పు క్రింద పొగగొట్టమునకు దాపుగా పోవు పెట్రోలుగొట్టము కాగి, లోపలి పెట్రోలు ఆవిరియై బుడగలు కట్టును. ఎత్తునకు పోయినకొలది గాలియొత్తిడి తగ్గును గనుక ఇంకను తక్కువ వేడికే ఆవిరి పుట్టును. పంపు గొట్టమును పీల్చుచున్నయెడల ఆ పీల్పుచే ఒత్తిడి మఱింత తగ్గి, బుడగ పెద్దదగును. కావున పంపు పెట్టువారు దానిని ట్యాంకునకు దగ్గఱగా, పల్లముగా పెట్టి, పెట్రోలును పీల్చుటకంటె త్రోయునట్లు చేయవలెను. గొట్టము ఎక్కడను గూనివలె పైకిలేచి దిగరాదు; ట్యాంకునుండి ఏకవాలుగా దిగవలెను. అప్పుడు బుడగ పుట్టినను తనంతట వెనుకకు ఎక్కి ట్యాంకులోనికి పోవును. వేడిచోట్ల గొట్టమునకు నిప్పంటని తొడుగు వేయుదురు. ఇంజను అదరుచుండును గనుక దానికిని విమానశరీరమునకును నడుమ వంగెడి గొట్టము నుంచుదురు. రాగిగొట్టము అదురుచే నానాటికి పెళుసై పగులును. అందుచే అల్యూమినియపుది మేలు.

రోడ్డుపై వాహనములకు పోయు పెట్రోలును విమానమున పోయుటలో మఱియొక చిక్కు గలదు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో ఇథనాలు 20 శాతము వరకు కలుపుట వాడుకలోనికి వచ్చినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరు మితిమీరినప్పుడు నీటితోకూడ విడివడి అడుగునకు దిగును. ట్యాంకు అతుకులకు పూయు కొన్ని జిగురులను, కొన్నివిధముల రబ్బరును అది మెత్తబఱచును. కావున కట్టువాడు తాను పోయబోవు ఇంధనమేదో ముందే నిశ్చయించుకొని, దానికి తగిన వస్తువులను ఎన్నుకొనవలెను.

ఐదవది మనుష్యుని చేయి. ఇంజనునకు కుడి ట్యాంకునుండియో ఎడమట్యాంకునుండియో పెట్రోలు వచ్చునట్లు మార్చుటకు ఒక కుళాయి యుండును. అది చిన్న వస్తువే. జాన్ డెన్వర్ అను ప్రసిద్ధగాయకుడు 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో మాంటెరే అఖాతముపై బర్ట్ రూటాన్ రూపొందించిన లాంగ్ ఈజెడ్ జాతి గృహనిర్మిత విమానములో ఎగురుచు, సముద్రమున కూలి మరణించెను. ఆ విమానమును ఆయన క్రొత్తగా కొనియుండెను. మూలపటములలో ఆ కుళాయి నడుపువాని కాళ్లనడుమ నుండవలసినది. కట్టినవాడు దానిని ఎడమభుజమునకు వెనుకను అమర్చెను. దానిపై గుఱుతులు లేవు. పెట్రోలుమట్టమును చూపు గాజులపైనను గుఱుతులు లేవు. పెట్రోలు పోయించుకొనకయే ఆయన బయలుదేరెను. కుళాయిని త్రిప్పుటకు వెనుకకు తిరుగుచు, తెలియకయే కుడికాలితో చుక్కాని మీటను త్రొక్కుటచే విమానము అదుపు తప్పినదని విచారణాధికారులు తేల్చిరి. ఆ కుళాయి పాడుకాలేదు, గొట్టము మూసికొనలేదు. చేయి పోవలసినచోట కుళాయి లేకుండుట ప్రాణాపాయమునకు త్రోవతీసిన కారణములలో నొకటి. మన విద్యార్థి తన విమానమున కూర్చుండి, కన్నులు మూసికొని, పట్టీలు బిగించుకొని, ఒక్కచేతితో నూఱుమాఱులు కుళాయిని త్రిప్పి చూచెనట. ఎడమ, కుడి, మూత అను మూడు స్థానములలోను పిడి 'టక్కు'మని నిలుచునట్లును, పిడి ఎటు చూపిన అటే పెట్రోలు వచ్చునట్లును ఏర్పఱచుకొనెను.

ఇక కొలత. సమాధానమునకు ప్రక్కను కిలోలు, లీటర్లు అను మాటలు వ్రాయక మార్కులు పోగొట్టుకొని నామీద అలుగు విద్యార్థులు ఈ సంగతి వినవలెను. 1983 జూలై 23న కెనడాలో ఒక పెద్ద జెట్ విమానమునకు 22,300 కిలోగ్రాముల ఇంధనము కావలసియుండగా, లెక్కలో పౌనులును కిలోలును తారుమారగుటచే సగముకంటె తక్కువ పోసిరి. నడియాకాశమున రెండు ఇంజనులును ఆగిపోయినవి. నడుపువారి నేర్పుచే ఆ విమానము గాలిలో తేలుచు గిమ్లీ యను చోట దిగి, అందఱును బ్రతికిరి. ఇంధనపు ముల్లును ఒక్కదానినే నమ్మక, ఎగురుటకుముందు కొలకఱ్ఱ ముంచి చూచుట చిన్న విమానములవారి మంచి యలవాటు. గమ్యమును చేరినపిమ్మట కూడ పగటివేళ 30 నిమిషములకును, రాత్రివేళ 45 నిమిషములకును సరిపడు ఇంధనము మిగులవలెనని అమెరికా నియమము. గంటకు 22 లీటర్లు కాల్చు విమానమునకు అరగంట మిగులనగా 11 లీటర్లు. పదిమంది కన్యకల ఉపమానమును ఆదివారపు బడిలో నేర్చుకొన్న మనకు ఈ నియమము క్రొత్తది కాదు. దివిటీలు పదిమందికిని ఉండెను. సిద్దెలలో నూనె మాత్రము ఐదుగురికే యుండెను.

మిషను పాఠశాలలోని వారమగు మనము నేట్ సెయింట్ అను మిషనెరీ పైలటును ఇచ్చట తలచుకొనవలెను. 1923లో పుట్టిన ఈయన, 1948లో దక్షిణ అమెరికాలోని ఈక్వడారు దేశమునకు పోయి, అరణ్యములలోని మిషను కేంద్రములకు చిన్న విమానములో మందులను, ఆహారమును, రోగులను చేరవేయుచుండెను. క్రింద దిగుటకు చోటులేని అడవి. పైన ఒక్క ఇంజను. పెట్రోలు త్రోవ మూసికొనినయెడల గతియేమని యాలోచించి, ఆయన ఒక రెండవ త్రోవను కల్పించెను. విమానమునకు వెలుపల చిన్న ట్యాంకును కట్టి, దానినుండి పెట్రోలు తన బరువుతోనే, కార్బ్యురేటరును తప్పించుకొని, నేరుగా ఇంజనులోనికి గాలి పీల్చు గొట్టమునకు చేరునట్లు చేసి, దాని మరను తన చేతికందునట్లు అమర్చుకొనెను. ఆయన గొప్ప కర్మాగారపు శాస్త్రజ్ఞుడు కాడు. తన పనిని ప్రేమించి, దానిలోని యపాయమును తిన్నగా చూచినవాడు. 1956 జనవరి 8న కురారాయ్ నదీతీరమున నలుగురు సహచరులతోకూడ ఆయన హతసాక్షి యయ్యెను. ఆయన మరణమునకు ఇంజను కారణము కాదు.

ఈ సంగతులన్నియు నేను ఆ తల్లికి విడమఱచి చెప్పితిని. డబ్బాను, మైనమును ఆమె యింటికే తీసికొనిపోయి చూపితిని. అపాయము బొత్తిగా లేదని నేను చెప్పలేదు. చెప్పుటకు నాకు అధికారము లేదు. ఇంజను ఆగినను విమానము రాయివలె పడదనియు, తేలుచు దిగుననియు, దానిని దింపుట అతడు గురువుయొద్ద అభ్యసించుచున్నాడనియు చెప్పితిని. 640 మిల్లీలీటర్ల సంగతి చెప్పగా ఆమె కొంతసేపు మాటలాడక, "ఐదువారాలు ఆగాడా? చిన్నప్పుడు అన్నం ఉడికేదాకా ఆగేవాడు కాదండీ" అని నవ్వెను. పిమ్మట కన్నులు తుడుచుకొనెను. అతని విమానము ఈ వ్యాసము వ్రాయునాటికి ఇంకను ఎగురలేదు, తనిఖీకొఱకు వేచియున్నది.

విద్యార్థులారా! మీలో విమానమును కట్టువారు ఏ ఒకరిద్దరో యుందురు. కాని వంతెనలు కట్టువారు, ఆసుపత్రిలో ప్రాణవాయువు గొట్టములు అమర్చువారు, వైద్యులు, ఉపాధ్యాయులు, గృహిణులు మీలోనుండియే రావలెను. మీ పనిలోను కంటికి కనబడని గొట్టమొకటి యుండును. ఇతరులు మెచ్చుకొనునది రెక్కలనే, దానిని చూచువారుండరు. మీరు చూడుడు. కొలువుడు. కొలత చాలనియెడల, చుట్టములు వచ్చి కూర్చుండియున్నను, దినము మార్చుకొనుటకు సిగ్గుపడకుడు. చిన్న సంగతులలో నమ్మకమైనవారిని ప్రభువు పెద్ద సంగతులకు నియమించును. ఆయన కృప మీ చదువులకును, మీ చేతిపనులకును తోడైయుండునుగాక.